“ఏ సిద్ధాంతం ఆధారంగా?” అన్న ఎర్ర సిరా ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు

ఈ ఉత్తరం రాసినావిడ తన పేరు బయటపెట్టవద్దన్నారు. నర్సింగ్ డిప్లొమా చేసి పదేళ్లకు పైగా వార్డుల్లో పనిచేశారు. ఎక్కువ కాలం సర్జికల్ వార్డులోనే. ఇప్పుడు డిగ్రీ కోసం మళ్లీ క్లాసులో కూర్చున్నారు. తోటి విద్యార్థులందరూ బాగా చిన్నవాళ్లు, పాఠం చెప్పే ట్యూటర్ కూడా వయసులో చిన్నావిడే. ప్రాక్టికల్స్‌లో ఈవిడకు ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందల్లా నర్సింగ్ మౌలిక భావనలు, సిద్ధాంతాల పేపరుతోనే. ఇంటర్నల్స్‌లో ఆ ఒక్కటీ తప్పారు.

రెండు సంఘటనలు రాశారు. మొదటిది, ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన నైట్ డ్యూటీలో పదేపదే బెల్ కొడుతున్నారు. ఒకసారి నీళ్లు కావాలంటారు, ఒకసారి దుప్పటి సర్దమంటారు, ఇంకోసారి కిటికీ మూయమంటారు. తోటి నర్సు విసుక్కుంది. ఈవిడ స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, “నిద్ర పట్టట్లేదా, మనసులో ఏమైనా భయంగా ఉందా?” అని అడిగారు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. సాయంత్రం డాక్టరూ కొడుకూ గుమ్మం దగ్గర నిలబడి చాలాసేపు గుసగుసగా మాట్లాడుకున్నారట. తన దగ్గర ఏదో దాస్తున్నారని, నిద్రపోతే మళ్లీ లేవనేమోనని ఆయన భయం. ఈవిడ అరగంటకోసారి వచ్చి చూస్తానని మాటిచ్చారు, అలాగే వెళ్లి చూశారు. పొద్దున డాక్టరుతో ఆయనకు నేరుగా విషయం చెప్పించారు. ఆ రాత్రి మళ్లీ బెల్ మోగలేదు. ఈ కేసునే కేర్ ప్లాన్ (రోగి అవసరమేమిటో, నర్సు ఏం చేసిందో, ఫలితమేమిటో రాసే కాగితం)‌గా రాసిస్తే, “ఆందోళన ఉంది, ధైర్యం చెప్పాను, నిద్రపోయారు” అన్న మాటల కింద ట్యూటర్ ఎర్ర సిరాతో “ఏ సిద్ధాంతం ఆధారంగా?” అని రాశారు. పైగా క్లాసందరి ముందూ చదివి వినిపించారు.

రెండోది, పక్షవాతంతో కుడివైపు చచ్చుబడిన ఒక పెద్దావిడకు ఈవిడ రోజూ తనే తినిపించారు. బంధువులు చేతులెత్తి దండం పెట్టారు. ట్యూటర్ మాత్రం “ఆవిడ ఎడమ చేయి బాగానే ఉంది కదా, మీరెందుకు తినిపించారు?” అని అడిగారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోందట.

వార్డులో సీనియర్లు “ఆ థియరీలన్నీ పరీక్ష దాకానే, పని నీకు వచ్చు కదా” అంటున్నారు. ఆ క్లాసుంటే ముందు రోజు రాత్రి నుంచే టెన్షన్. కోర్సు మానేయాలా, బట్టీ పట్టి గట్టెక్కాలా అని అడుగుతున్నారు. చివర్లో ఒక్క వాక్యం: “ఇన్నేళ్లూ నేను చేసిందంతా ఆధారం లేని పనేనా?”

సమాధానం:

మీ ఉత్తరంలో మూడు బాధలు ఒకదాంట్లో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. నలుగురిలో జరిగిన అవమానం ఒకటి. చేతికి తెలిసిన పనికి పుస్తకం భాష దొరక్కపోవడం ఇంకొకటి. అసలు బాధ మాత్రం ఆ చివరి వాక్యంలో ఉంది. మూడింటికీ ఒకే మందు వెతికితే దొరకదు, అందుకే విడదీసి మాట్లాడుకుందాం.

అవమానం సంగతి ముందు తేల్చేద్దాం. మీ కాగితాన్ని అందరి ముందూ చదవడం సరికాదు. ఎవరి వయసు ఎంతైనా సరే, తప్పు దిద్దడానికి పక్కకు పిలిస్తే చాలు. ఇది మీరు ఆవిడకు చెప్పవచ్చు, చెప్పాలనే నా అభిప్రాయం. కానీ అడిగిన తీరు బాగాలేదు కాబట్టి ప్రశ్న కూడా బాగాలేదనుకోకండి. ఆ ఎర్ర సిరా ప్రశ్న మీకు చాలా ఉపయోగపడే ప్రశ్న.

ఎందుకో చూడండి. మీరు రాసింది “ధైర్యం చెప్పాను” అని. నిజంగా మీరు చేసింది అదేనా? ధైర్యం చెప్పడమంటే “ఏం కాదు లెండి, హాయిగా పడుకోండి” అనడం. మీరు ఆ మాట అనలేదు. కూర్చున్నారు, అడిగారు, ఆయన మాట్లాడేదాకా ఆగారు. భయం ఎక్కడ పుట్టిందో కనిపెట్టారు. ఎన్నింటికి మళ్లీ వస్తారో చెప్పి, చెప్పినట్టే వచ్చారు. పొద్దున అసలు విషయం ఆయనకు తెలిసేలా చేశారు. ఇంత పనిని రెండు మాటల్లో, అదీ తప్పుడు మాటల్లో పెట్టేశారు. మీ పనికి మీరే అన్యాయం చేసుకున్నారు.

1859లో ఫ్లారెన్స్ నైటింగేల్ నర్సింగ్ మీద రాసిన పుస్తకంలో ఈ ధైర్యం చెప్పడం మీదే ఒక అధ్యాయం ఉంది. రోగి బాధను తేలిక చేసి మాట్లాడి, ఉత్తుత్తి ఆశలు పెట్టి, అడగని సలహాలిచ్చే వాళ్లను ఆవిడ గట్టిగా మందలించింది. అదే పుస్తకంలో శబ్దం గురించి రాస్తూ, రోగి గదిలోనో పక్క నడవలోనో డాక్టర్లూ ఆప్తులూ గుసగుసలాడుకోవడం రోగిని ఎంత హింసిస్తుందో చెప్పింది. వినపడీ వినపడని మాట తన గురించేనని రోగికి తెలుసు, ఏమిటో తెలియదు. మీ పెద్దాయన పడిన బాధ అక్షరాలా ఇదే. గాలి, వెలుతురు, శుభ్రత, వెచ్చదనం, ఆహారం, నిశ్శబ్దం సరిగా ఉంటేనే శరీరం తనను తాను బాగుచేసుకోగలదన్నది ఆవిడ సిద్ధాంతం. దాన్నే మీ పుస్తకంలో పరిసరాల సిద్ధాంతం అంటారు. క్రిమియా యుద్ధంలో సైనిక ఆసుపత్రిని కళ్లారా చూసి, తర్వాత మరణాల లెక్కలు కట్టి మరీ చెప్పిన మాటలవి. మీరు ఆవిడ పేరు, పుట్టిన తేదీ బట్టీ పట్టి ఉంటారు. మీ సొంత కేసు ఆ పుస్తకంలో ఉందని మాత్రం మీకెవరూ చెప్పినట్టు లేదు.

ఇక మీరు చేసిన పనికి ఇంకా దగ్గరగా వచ్చే సిద్ధాంతం ఐడా జీన్ ఓర్లాండో 1961లో ప్రచురించినది. నర్సులు రోగులతో ఎలా మెలుగుతున్నారో దగ్గరుండి గమనించి ఆవిడ చెప్పిన సంగతి ఇది. రోగి ప్రవర్తన పైకి ఒకటిగా కనిపిస్తుంది, దాని వెనక తీరని అవసరం వేరే ఉండవచ్చు. నర్సు చూసింది ఒకటి, దాని గురించి అనుకున్నది ఒకటి, ఆ అనుకున్నదాని వల్ల లోపల కలిగిన భావం ఇంకొకటి. తను అనుకున్నది నిజమో కాదో రోగిని అడిగి తేల్చుకోకుండా చేసే పనిని ఆవిడ యాంత్రికమైన పని అంది. మీ తోటి నర్సు బెల్ విన్నది, “ఈయన సతాయిస్తున్నాడు” అనుకుంది, విసుగొచ్చింది, దుప్పటి సర్ది వెళ్లిపోయింది. మీరూ అదే బెల్ విన్నారు, బహుశా మీకూ విసుగు వచ్చే ఉంటుంది. తేడా అల్లా, మీరు అడిగి తేల్చుకున్నారు.

ఇప్పుడు అదే కేర్ ప్లాన్ ఇలా రాసి చూడండి. అసెస్‌మెంట్: రాత్రి పలుమార్లు చిన్న చిన్న అవసరాలకు బెల్, నిద్ర లేదు. అడిగితే, గుమ్మం దగ్గర జరిగిన సంభాషణ విని తన దగ్గర ఏదో దాస్తున్నారని భయపడుతున్నట్టు చెప్పారు. నర్సింగ్ డయాగ్నసిస్: తన పరిస్థితి గురించి సరైన సమాచారం లేకపోవడం వల్ల ఆందోళన, నిద్రలేమి. ప్లానింగ్: ఈ రాత్రి నిద్ర పట్టాలి, పొద్దున డాక్టరు నుంచి నేరుగా సమాచారం అందాలి. ఇంప్లిమెంటేషన్: అరగంటకోసారి వెళ్లి చూడటం, మంచం దగ్గర లేదా గుమ్మంలో రోగి గురించి మాట్లాడవద్దని అందరికీ చెప్పడం, పొద్దున డాక్టరుతో మాట్లాడించడం. ఇవాల్యుయేషన్: బెల్ ఆగింది, నిద్రపోయారు, పొద్దున వివరం విన్నాక ఇంకేమైనా అడగాలనుకుంటున్నారేమో కనుక్కోవాలి. ఆధారం: ఓర్లాండో, నైటింగేల్.

మార్కుల మాట పక్కన పెట్టండి. డ్యూటీ మారేటప్పుడు రోగుల వివరాలు అప్పగించే హ్యాండోవర్‌లో “ధైర్యం చెప్పాను” అని విన్న మార్నింగ్ షిఫ్ట్ నర్సు ఏం చేస్తుంది? ఏమీ చేయలేదు. రెండోది చదివితే గుమ్మం దగ్గర గుసగుసలు ఆపుతుంది. మీరు డ్యూటీ దిగాక కూడా మీ పని వార్డులో కొనసాగాలంటే దాన్ని ఇంకొకరు పట్టుకోగలిగే రూపంలో పెట్టాలి. సిద్ధాంతం వల్ల నాకు కనిపించే మొదటి ప్రయోజనం ఇదే. ఈ మాట మీ సీనియర్లకు కూడా చెప్పవచ్చు.

మరి ఇంత బాగా చేసిన మనిషి ఎందుకు రాయలేకపోయింది? దీనికీ ఒక సిద్ధాంతం ఉంది, మీ గురించే రాశారా అనిపిస్తుంది. ప్యాట్రీషియా బెన్నర్ 1984లో, నర్సు నైపుణ్యం అయిదు మెట్లలో పెరుగుతుందని చూపింది. కొత్తగా చేరినవాళ్లు నియమాలు పట్టుకుని నడుస్తారు. నిపుణులు పరిస్థితి మొత్తాన్ని ఒక్క చూపులో పట్టేస్తారు, నియమం వాళ్లకు గుర్తు కూడా రాదు. ఎందుకలా చేశావంటే “ఎందుకో అలా అనిపించింది” అంటారు. ఆ అనిపించడం గాలిలోంచి ఊడిపడలేదు, ఏళ్ల తరబడి చూసిన రోగుల నుంచి వచ్చింది. అంటే మీకు మాట రాకపోవడం అజ్ఞానానికి గుర్తు కాదు. అయితే బెన్నరే ఇంకో మాట కూడా అంది. ఎంత నిపుణులైనా అనుభవం లేని కొత్త చోటికి వెళితే మళ్లీ మొదటి మెట్టు మీదే నిలబడాల్సి రావచ్చు. వార్డులో మీరు అయిదో మెట్టు మీద ఉండి, ఈ పేపరులో మొదటి మెట్టు మీద ఉన్నారు. రెండూ ఒకేసారి నిజం. ఈ ఇబ్బందికరమైన చోట కొంతకాలం నిలబడటానికి ఒప్పుకుంటేనే మిగతాది సాగుతుంది.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. తినిపించిన విషయంలో మీ ట్యూటర్ అడిగింది సరైన ప్రశ్న. మీది తప్పని నేననడం లేదు. ఆకలితో ఉన్న మనిషికి ఆప్యాయంగా తినిపించడంలో తప్పేముంది? కానీ వర్జీనియా హెండర్సన్ నర్సింగ్‌కు ఇచ్చిన నిర్వచనం ఒకసారి చదవండి. బలం, సంకల్పం, తెలివిడి ఉంటే మనిషి తనంతట తానే చేసుకునే పనుల్లో సాయపడటం నర్సు పని అంటుంది. అక్కడితో ఆగదు. వీలైనంత త్వరగా ఆ మనిషి మళ్లీ తన కాళ్ల మీద నిలబడేలా సాయపడాలంటుంది. కోలుకునే అవకాశం లేనప్పుడు ప్రశాంతమైన మరణానికి తోడుండటం కూడా ఆ నిర్వచనంలోనే ఉంది. ఊపిరి పీల్చడం నుంచి పూజా ప్రార్థనలు, పని, ఆట, నేర్చుకోవడం దాకా 14 అవసరాలను ఆవిడ గుర్తించింది.

డొరొథియా ఓరెమ్ దీన్ని ఇంకా స్పష్టం చేసింది. ఆవిడ స్వీయ సంరక్షణ సిద్ధాంతంలో నర్సు సాయం మూడు రకాలు. రోగి ఏమీ చేసుకోలేకపోతే అంతా నర్సే చేస్తుంది. కొంత చేసుకోగలిగితే మిగిలింది నర్సు చేస్తుంది. అన్నీ చేసుకోగలిగినా ఎలాగో తెలియకపోతే నేర్పుతుంది, తోడు నిలుస్తుంది. మీ పెద్దావిడ రెండో రకంలో ఉండి ఉంటే మీరు మొదటి రకం సాయం చేశారు. మింగడంలో ఇబ్బంది లేదని తేలాక, నిటారుగా కూర్చోబెట్టి, ప్లేటు ఎడమవైపుకు జరిపి, జారకుండా కింద తడిగుడ్డ వేసి, చెంచా ఎడమ చేతికిస్తే ఏం జరిగేది? సగం ఒలికేది. టైమ్ రెట్టింపు పట్టేది. బంధువులు “ఈ నర్సు పట్టించుకోవట్లేదు” అనుకునేవాళ్లేమో. కానీ ఆవిడ నాలుగు చెంచాలు తనే తిని ఉంటే, ఇంటికెళ్లాక మూడు పూటలా ఒకరి చేతి కోసం ఎదురుచూసే బాధ కొంత తగ్గేది.

వార్డులో చేతులు తక్కువ, రోగులు ఎక్కువ అని మీరంటారు. నిజమే. కొన్ని రోజులు తినిపించడమే సరి. ఆవిడ మరీ నీరసంగా ఉన్న రోజు, దగ్గు వస్తున్న రోజు మీరే తినిపించండి. అలవాటుగా కాకుండా, ఆ రోజుకు అదే సరి అని ఆలోచించి చేయండి, కారణం నోట్స్‌లో రాయండి. మీ మొదటి కేసులో సిద్ధాంతం మీ పనిని సమర్థించింది. రెండో కేసులో మీకు కనపడనిది చూపించింది. రెండూ చేసినప్పుడే దాని మీద నాకు నమ్మకం. ఎప్పుడూ మెచ్చుకుంటూ పోయే సిద్ధాంతంతో మనకేం పని?

కాబట్టి మీ చివరి వాక్యానికి జవాబు: ఆధారం ఉంది, చాలావరకు. అది ఒక్క పుస్తకాల్లోంచే రాదు కూడా. బార్బరా కార్పర్ 1978లో, నర్సుకు తెలియడంలో నాలుగు దారులున్నాయంది. శాస్త్రం, నీతి, నర్సు తన్ను తాను ఎరిగి రోగిని మనిషిగా కలవడం, ఆ క్షణానికి ఏది తగునో పట్టుకునే కళ. చివరి రెండింటిలో మీరు క్లాసులో అందరికంటే ముందున్నారు.

పేపరు విషయంలో ఒక మెలకువ చెబుతాను. ఎవరి సిద్ధాంతమైనా నాలుగు విషయాల చుట్టూనే తిరుగుతుంది: మనిషి, పరిసరం, ఆరోగ్యం, నర్సింగ్. వీటినే మెటాపారడైమ్ అని భయపెట్టే పేరుతో పిలుస్తారు. ఈ సిద్ధాంతకర్త మనిషిని ఎలా చూస్తోంది, ఆరోగ్యమంటే ఏమంటోంది అని అడుగుతూ వెళ్లండి. నైటింగేల్ బరువంతా పరిసరం మీద పెట్టింది. హిల్డెగార్డ్ పెప్లౌ 1952లో నర్సుకూ రోగికీ మధ్య సంబంధాన్నే చికిత్సగా చూసింది, అపరిచితులుగా మొదలై ఆ సంబంధం దశలు దశలుగా ఎలా పెరిగి ముగుస్తుందో వివరించింది. క్యాలిస్టా రాయ్ మనిషిని మార్పుకు సర్దుకునే ప్రాణిగా చూసింది. పిల్లల వార్డులో పనిచేస్తూ వాళ్లు ఎంత త్వరగా తేరుకుంటారో గమనించడం ఆవిడ ఆలోచనకు మూలం. ఇలా చదివితే పేర్లు కలగాపులగం కావు. అన్నీ మీకు నచ్చాలనీ లేదు. మార్తా రోజర్స్ మనిషిని శక్తి క్షేత్రంగా వర్ణించే సిద్ధాంతం చదువుతుంటే, దీన్ని రాత్రి రెండింటికి మంచం పక్కన ఎలా వాడాలబ్బా అనిపిస్తుంది. నాకూ అది వార్డుకు చాలా దూరంగానే కనిపిస్తుంది. పరీక్షకు చదవండి, వదిలేయండి.

ఇక మీ ముందున్న దారులు. కోర్సు మానేయడం తప్పేమీ కాదు. డబ్బు, ఇల్లు, ఆరోగ్యం లాంటి కారణాలుంటే అది పూర్తిగా మీ ఇష్టం. కానీ ఒక్క పేపరు మీద కోపంతో మానేస్తే, వార్డుకు తిరిగి వెళ్లాక కూడా ఆ ఎర్ర సిరా మీతోనే వస్తుందని నా భయం. బట్టీ పడితే బహుశా పాసవుతారు. టెన్షన్ తొందరగా తీరుతుంది, చదువుకు టైమ్ తక్కువ దొరికేవాళ్లకు అది అక్కరకొచ్చే దారే. కాకపోతే పై సెమిస్టర్లలో ప్రతి కేర్ ప్లాన్‌కూ, ప్రతి కేస్ ప్రెజెంటేషన్‌కూ ఇదే గొడవ మళ్లీ వస్తుంది. మూడో దారి, మీ పాత రోగుల్లో బాగా గుర్తున్న ఒకరిని తీసుకుని ఒక్క సిద్ధాంతంతో పూర్తిగా రాయడం. మొదట్లో నెమ్మదిగా సాగుతుంది, ఈలోగా ఇంకో ఇంటర్నల్‌లో మార్కులు తగ్గినా తగ్గవచ్చు. అది తట్టుకోగలరా లేదా అన్నది మీకే తెలియాలి. కొంత బట్టీ, కొంత ఇది కలిపి నడిపించేవాళ్లూ ఉన్నారు.

ట్యూటర్‌తో మాట్లాడే విషయంలో కూడా మీకు ఎంపిక ఉంది. మాట్లాడకపోతే మీకు పని చేతనవునని ఆవిడకు ఎప్పటికీ తెలియదు, మీకు ఆవిడ మీద కోపం అలాగే ఉంటుంది. మాట్లాడితే మాట పెరిగే ప్రమాదమూ లేకపోలేదు. అందుకని ఖాళీ చేతుల్తో వెళ్లకండి. పెద్దాయన కేర్ ప్లాన్ తిరగ రాసి పట్టుకెళ్లండి. “మేడమ్, మీ ప్రశ్నకు ఇది నా జవాబు. ఇంకేం కావాలో చెప్పండి. ఈసారి దిద్దేది ఉంటే నన్ను పక్కకు పిలిచి చెబితే బాగుంటుంది” అంటే సరిపోతుంది. వయసు ప్రస్తావన, అనుభవం ప్రస్తావన ఆ సంభాషణలోకి రానివ్వకండి. ఆ కాగితమే చెబుతుంది.

మీ ఉత్తరంలో ఇంకో చిన్న మాట ఉంది, మీరు పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. తోటి పిల్లలకు సిద్ధాంతాలన్నీ నోటికొచ్చట, కానీ నొప్పితో ఉన్న రోగిని పక్కకు తిప్పాలంటే చేతులు వణుకుతాయట. వాళ్లలో ఒకరిద్దరితో జత కట్టండి. డ్రెస్సింగ్‌కు ముందు రోగితో ఏం మాట్లాడాలో, నొప్పి పెట్టకుండా ఎలా తిప్పాలో మీరు చూపించండి. ఆ సాయంత్రం అదే రోగి మీద ఓరెమ్‌నో, ఓర్లాండోనో పెట్టి ఎలా రాయాలో వాళ్లను చెప్పమనండి. మొదట ఓరెమ్‌తోనే మొదలుపెట్టండి. పక్షవాతం పెద్దావిడ కేసు మీకింకా పచ్చిగా గుర్తుంది, వచ్చే ఇంటర్నల్‌కు ముందే దాన్ని రాసేయవచ్చు.